కనిపించినంత వరకు

ఏప్రిల్ 17

ఈ ఏడాది మొదటి కాల్‌బైశాఖి, ఎండాకాలపు గాలివాన. మధ్యాహ్నం నుంచే వాయవ్యం మూల ఆకాశం బొగ్గు రంగుకు తిరిగింది. ఖరగ్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో డ్యూటీ దిగి మా ట్రాఫిక్ కాలనీ గేటు దగ్గరికి వచ్చేసరికి కళ్ళనిండా దుమ్ము. ఐదూ పన్నెండుకు గాలి. ఐదూ ఇరవైకి వడగళ్ళు, ఉసిరికాయలంతేసి. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు పోయాయి. రేడియో సెట్టును బ్యాటరీ మీద పెట్టుకున్నాను.

ఐదూ నలభైకి జ్ఞానరత్నం గారు మిడ్నాపూర్ కంట్రోల్ రూములో కూర్చుని నెట్ మొదలుపెట్టారు, రేడియోలో ఒక్కొక్కరినీ పిలిచి రిపోర్టులు తీసుకోవడం. ఫోన్లు లేనప్పుడు కంట్రోల్ రూముకు మా హామ్ రేడియోల మాటే వార్త. జిల్లాలో తొమ్మిదిమందిమి ఉన్నాం. నా రిపోర్టే మొదట వెళ్ళింది. ఎప్పటిలాగే.

ట్రాఫిక్ కాలనీ: కొమ్మలు మూడు, స్తంభం ఒకటి, ఎవరికీ దెబ్బల్లేవు. గోల్‌బజార్ దారి: మోకాలి లోతు నీళ్ళు (ఆటో దాదా చెప్పాడు). పాత యార్డు వెనక రేకుల ఇళ్ళు: క్షేమం, నష్టం లేదు.

"శభాష్ భానూ, స్పష్టంగా ఉంది" అన్నారు. నాకు మోర్సు కోడు నేర్పిన రోజుల నుంచి, అంటే ఇరవై ఆరేళ్ళుగా, ఆయన నోట ఆ మాట వింటున్నాను. ఇప్పటికీ బాగుంటుంది.

ఏప్రిల్ 18

పొద్దున కాలనీ గేటు దగ్గర చిలకమ్మ ఇడ్లీ బండి లేదు. పక్కనున్న పాన్ దుకాణం అతను చెప్పాడు. నిన్న పాత యార్డు వెనక నిద్రగన్నేరు చెట్టు వాళ్ళ ఇంటి మీద పడిందట. ఆమె భర్త తవిటయ్య, గోల్‌బజార్‌లో సరుకుల సైకిల్ వ్యాన్ తొక్కేవాడు, గోడ కింద ఉండిపోయాడట. ఐదున్నరకు పడితే, ఏడూ ముప్పావుకు ఇరుగుపొరుగువాళ్ళే లారీ జాకీ పెట్టి తీశారట. సహాయక బృందం నిన్న ఒకటే ఉంది. అది సాలువా వైపు వెళ్ళింది.

ఐదున్నర అంటున్నారు గానీ, ఆ గందరగోళంలో గడియారం ఎవరు చూస్తారు? నేను రిపోర్టు ఇచ్చిన తరవాత పడి ఉండవచ్చు.

ఏప్రిల్ 19

నాకు కనిపించినంత వరకు చెప్పాను.

ఏప్రిల్ 21

సాయంత్రం మేడ మీదికి వెళ్ళి చూశాను. పాత యార్డు వైపు గోదాము కప్పు అడ్డం వస్తుంది. దాని పక్కనుంచి రెండు ఇళ్ళ రేకులు కనిపిస్తాయి. మొత్తం పద్నాలుగు ఇళ్ళు. చిలకమ్మ ఇల్లు ఆ రెండిట్లో లేదు.

ఆ రోజు వానకు దుమ్ము అణిగి ఇంకాస్త బాగా కనిపించి ఉంటుంది.

ఏప్రిల్ 24

ఆసుపత్రికి వెళ్ళాను. తవిటయ్య నిద్రలో ఉన్నాడు. కుడి మోకాలి కింద దుప్పటి పరుపుకు ఆనుకుని ఉంది. నిన్న కాలు తీసేశారట.

చిలకమ్మ నన్ను చూసి లేచి స్టూలు ఇచ్చింది. గొంతు బొంగురుపోయింది.

"రెండు గంటలు అరిసినాను దీదీ. ఫోను పలకదు. మా మరిది లైను దాటి ఎల్లి మనుసుల్ని పిలుసుకొచ్చినాడు. ఆ లోపల కాలికి రగతం ఆడలేదంట. డాక్టరు అదే అన్నాడు."

నేను కమలాపళ్ళు బల్ల మీద పెట్టాను.

"నువ్వు ఆ డబ్బాలో సెప్తావు గదా దీదీ, మా యీది గురించి ఆ దినం సెప్పినావా?"

"చెప్పినాను."

"సూసినావా మరి! సెప్పినా రాలేదంటే ఆళ్ళకి మేం మనుసులం కాదు. ఆ తిమోతి తెలుగోడే గదా, మనోడే గదా. బండేసుకుని సాలువా ఎల్లిపోనాడు. దేవుడున్నాడు, ఆడికీ సూపిస్తాడు."

తిమోతి ఆ సహాయక బృందానికి పెద్ద. రైల్వే చర్చిలో రెండు మూడుసార్లు చూశాను. నెమ్మదైన మనిషి.

ఏప్రిల్ 25

చెప్పాను అన్నాను. చెప్పాను కదా. ఏమి చెప్పానని ఆమె అడగలేదు.

ఏప్రిల్ 28

రేడియోలో చెప్పినవన్నీ రాసుకునే లాగ్ పుస్తకం తీసి చూసుకున్నాను. పదిహేడో తేదీ, 17.42, "పాత యార్డు వెనక రేకుల ఇళ్ళు: క్షేమం, నష్టం లేదు". దాని ముందు కాస్త ఖాళీ ఉంది. "కనిపించినంత వరకు" అని చేర్చాను. నా మనసులో ఉన్న అర్థం అదే. అర్థాన్ని స్పష్టం చేయడం తప్పు కాదు. అదే పెన్ను దొరికింది.

మే 3

యార్డు వెనక వాళ్ళు నిన్న తిమోతి ఇంటి మీదికి వెళ్ళి గొడవ చేశారట. వర్క్‌షాపులో ఇదే మాట అని మా ఆయన రాజశేఖర్ చెప్పారు. గేటు విరిచేశారట. పై అధికారులు విచారణ వేశారు. ఆ సాయంత్రం నెట్‌లో ఎవరు ఏమి చెప్పారో లాగ్ నకలు పంపమని జ్ఞానరత్నం గారికీ నాకూ కాగితం వచ్చింది.

అన్నం దగ్గర రాజశేఖర్‌కు చెప్పాను. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆయన దగ్గర దాచినది ఇదొక్కటే, అదీ పదహారు రోజులు.

ఆయన చెయ్యి ఆపి, "నువ్వు ఎల్లి సూడలేదా?" అన్నారు.

"మెట్ల గది గుమ్మంలోంచి చూసినాను."

"అక్కణ్ణించి ఏటి కనిపిస్తాది? గోదామేగదా."

"అందుకే కనిపించినంత వరకు అని రాసినాను."

"ఎప్పుడు రాసినావు?"

నేను మజ్జిగ పోసుకున్నాను.

ఆయనే మళ్ళీ అన్నారు. "ఒదిలీ భానూ. ఎవులికి తెలుసు? నీకూ నాకూ. ఆడి కాలు తిరిగి రాదు గదా. నీ సర్వీసు ఇంకా ఐదేళ్ళుంది."

మే 5

నకలు పంపాను. ఆ మూడు మాటలతో సహా. కాదు, రెండు మాటలే.

మే 8

మధ్యాహ్నం జ్ఞానరత్నం గారు ఫోను చేశారు. మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"భానూ, నీ లాగులో 'కనిపించినంత వరకు' అని ఉంది. నా పుస్తకంలో ఆ ముక్క లేదమ్మా. నువ్వు అన్నావా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. ఆయనే చెప్పుకుపోయారు.

"అనే ఉంటావులే. నువ్వు రాసుకున్నావు గదా. నాకు డెబ్భై నాలుగు. చెవులు మందగించినాయని మా ఇంట్లో ఎప్పటినించో అంటున్నారు. ఆ ముక్క నేను తిమోతికి అందించలేదు. అందించి ఉంటే అతను ఒకసారి యార్డు వైపు తిరిగి చూసి వెళ్ళేవాడేమో. నాకే వినపడలేదని విచారణకి రాసిచ్చేస్తాను. అతన్నయినా వదిలేస్తారు."

"సార్, ఇప్పుడే రాయకండి" అన్నాను.

"ఏటికి?"

డ్యూటీ పిలుస్తోంది అని పెట్టేశాను.

మే 9

ఎక్స్‌ఛేంజీలో రెండు కాల్స్ తప్పు చోటికి కలిపాను. సూపర్‌వైజరు ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగాలేదని చెప్పి ఇంటికి వచ్చాను. బాగానే ఉంది.

మే 11, ఆదివారం

పొద్దున లోకల్లో మిడ్నాపూర్ వెళ్ళాను. కంసావతి వంతెన మీద బండి ఆగిపోయి పావుగంట కదలలేదు. దిగిపోయే వీలు లేని చోట ఆగింది, మంచిదయింది.

జ్ఞానరత్నం గారు వరండాలో కూర్చుని ఉన్నారు. చెవి వెనక కొత్త మిషను. నిన్ననే పెట్టించుకున్నారట. "గరగర మంటోంది, మన పాత రిసీవర్ లాగ" అని నవ్వారు. నెట్ పని ఇక సిరిల్‌కు అప్పగించేద్దామనుకుంటున్నానని కూడా చెప్పారు. సిరిల్ మా తొమ్మిదిమందిలో అందరికంటే చిన్నవాడు, ఖరగ్‌పూర్‌లోనే అటు చివర ఉంటాడు.

కూర్చోకుండానే చెప్పాను. ఆ మాట నేను రేడియోలో అనలేదని. ఇరవై ఎనిమిదో తేదీన రాశానని. ఆయన చెవులకు ఏమీ కాలేదని.

ఆయన మిషను తీసి చేతిలో పట్టుకున్నారు. "యార్డు వెనకకు ఎల్లలేదా నువ్వు?"

"లేదు సార్. మేడ మీదికి కూడా ఎక్కలేదు. మెట్ల గదిలోనే ఉన్నాను."

"మరి క్షేమం అని ఎలా చెప్పినావు?"

"మెరుపులు పడుతున్నాయి సార్, యాంటెన్నా పక్కకి వెళ్ళడానికి..." అని మొదలుపెట్టాను. ఆయన ఎదురుచూస్తూ ఉన్నారు. ఆ కారణం సగంలోనే ఆగిపోయింది. "కాదు సార్. నెట్‌లో నా రిపోర్టు మొదట వెళ్ళాలనుకున్నాను. ప్రతి ఏడాదీ అక్కడ ఏమీ కాదు. ఈసారీ కాలేదనుకున్నాను."

ఆయన మిషనును వేళ్ళ మధ్య తిప్పారు. లోపల ఆయన భార్య ఎవరితోనో బెంగాలీలో ఫోను మాట్లాడుతోంది.

"తెలీదు అనడానికి ఒక్క సెకను పడుతుంది, భానూ" అన్నారు చివరికి. "నేను కూడా అడగలేదు. చూసినావా అని ఒక్కమాట అడగాల్సింది. నువ్వు చెప్పినావంటే నాకు చూసినట్టే ఉండేది."

ఆ మాట శభాష్‌ల కంటే ఎక్కువ కాలం గుర్తుంటుంది.

వచ్చేటప్పుడు చెప్పారు. ఈ సీజనంతా నేను మైకు ముట్టుకోకూడదు. ఖరగ్‌పూర్ మొత్తం సిరిల్ చూస్తాడు. విచారణకు నేనే రాసివ్వాలి. "తిమోతికీ నువ్వే చెప్పాలి, ఆ మొగుడూపెళ్ళాలకీ నువ్వే చెప్పాలి. నా ద్వారా పంపకు. ఇది రిలే చేసే సందేశం కాదు."

మే 12

లాగ్‌లో ఆ రెండు మాటలూ కొట్టేసి, పక్కన ఎప్పుడు చేర్చానో, ఎప్పుడు కొట్టేశానో రాసి సంతకం పెట్టాను. విచారణకు ఉత్తరం రాశాను. ఒక పేజీ అయింది. మొదట మూడు పేజీలు వచ్చింది, రెండు పేజీలు కారణాలే.

సాయంత్రం తిమోతి ఇంటికి వెళ్ళాను. విరిగిన గేటుకు బందులు బిగిస్తున్నాడు. కూతురు పది రోజులుగా బడికి వెళ్ళడం లేదట, పిల్లలు ఏదో అంటున్నారని. ఇది అతని భార్య ఏంజలిన్ చెప్పింది, మంచినీళ్ళు ఇస్తూ. అప్పటికింకా నేను ఎందుకు వచ్చానో వాళ్ళకు తెలియదు.

చెప్పాను. తిమోతి స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు.

"ఇదంతా కాయితం మీద రాసినారా?"

"రాసినాను. రేపు పొద్దున విచారణకు ఇస్తాను."

"నాకూ ఒక నకలు ఇయ్యండి. మాటొద్దండి. మాట ఇనే గదా నాను సాలువా ఎల్లినాను."

మంచినీళ్ళ గ్లాసు ఏంజలిన్ నా చేతిలోంచి తీసుకుంది. నేను ఇంకా తాగలేదు.

మే 13

నకలు తిమోతికి ఇచ్చి, అక్కణ్ణుంచి పాత యార్డు వెనకకు నడిచాను. ఇంటి నుంచి పదకొండు నిమిషాలు. ఆ రోజు వానలో ఇరవై పట్టేది.

వాళ్ళు మరిది ఇంట్లో ఉంటున్నారు. తవిటయ్య గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిలకమ్మ పప్పు రుబ్బుతోంది. "రా దీదీ" అంది.

నేను నిలబడే చెప్పాను. సగం చెప్పేసరికి గ్రైండరు ఆగింది.

తవిటయ్యే ముందు మాట్లాడాడు. కోపంగా కాదు, దారి అడిగినట్టు అడిగాడు. "సూడలేదు, తెలీదు అని నువ్వు సెప్పుంటే ఆళ్ళు ఒచ్చేవోరా?"

"తెలీని చోటికే మొదట పంపుతారు. వచ్చేవారు."

"ఎన్ని గంటలకి?"

"ఆరు, ఆరుంబావుకి."

"ఆరింటికి తీసుంటే నా కాలుండునా?"

"తెలీదు తవిటయ్యా."

"తెలీదా?"

"తెలీదు."

అతను తల ఊపాడు. తరవాత మోకాలి మీద చెయ్యి పెట్టుకుని అటువైపు తిరిగాడు.

చిలకమ్మ పిండి చేత్తోనే లేచింది. "ఆసుపత్రిలో నిన్ను అడిగినాను గదా. సెప్పినావా అని అడిగినాను. సెప్పినాను అన్నావు. నీ కమలాపళ్ళు నా సేత్తో ఒలిసి ఈడికి పెట్టినాను. ఆ తిమోతి ఇంటికెల్లి ఆడి పెల్లాన్ని నా నోటికొచ్చిన తిట్లు తిట్టినాను. అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇంట్లోనే ఉన్నాను."

"ఎల్లిపో. నా కల్లకి కనిపించకు."

వచ్చేశాను. దీదీ అనలేదు.

మే 16

గేటు దగ్గర ఇడ్లీ బండి మళ్ళీ పెట్టింది. నేను వెనక గేటు నుంచి డ్యూటీకి వెళ్తున్నాను. అటు దగ్గర కూడా. దగ్గర కాదు, నాలుగు నిమిషాలు ఎక్కువ.

మే 19

తిమోతి మీద విచారణ మూసేశారు. నా హామ్ లైసెన్సు గురించి పైకి రాస్తారట, ఏమి వస్తుందో తెలియదు. కాలనీలో అందరికీ తెలిసింది. రాజశేఖర్ రెండు రోజులుగా వర్క్‌షాపు నుంచి వచ్చి టీవీ పెట్టుకుని కూర్చుంటున్నారు. ఈవేళ మాత్రం, "ఎవుడో అడిగినాడు, మీ ఆవిడేనా అని. అవును, తనే ఒప్పుకున్నాది అని సెప్పినాను" అన్నారు. అది నిష్ఠూరమో మరొకటో తెలియలేదు. అడగలేదు.

మే 25

బంగాళాఖాతంలో తుఫాను. ఎల్లుండి పగటిపూట దీఘా పక్కన తీరం దాటుతుందంటున్నారు.

బ్యాటరీ చార్జింగు పెట్టాను. వినడానికి అనుమతి అక్కర్లేదు.

మే 27

ఉదయం ఏడు నుంచి వాన. తొమ్మిదికి గాలి. పదిన్నరకు ఫోన్లు పోయాయి. రాజశేఖర్ వర్క్‌షాపులోనే ఉండిపోయారు.

సెట్టు దగ్గర కూర్చుని విన్నాను. జ్ఞానరత్నం గారు నెట్ నడుపుతున్నారు, గొంతు గట్టిగానే ఉంది. ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. చూశారా, ఎవరైనా చెప్పారా? సిరిల్ కూడా అలాగే జవాబిస్తున్నాడు. గోల్‌బజార్ చూశాను. స్టేషను వైపు చూశాను. ఇండస్ట్రియల్ పార్కు గురించి అక్కణ్ణుంచి వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు.

పదకొండూ నలభైకి, "పాత యార్డు వెనక ఇళ్ళు?" అని అడిగారు.

"చూడలేదు సార్. అండర్‌బ్రిడ్జి మునిగిపోయింది. దాటలేకపోతున్నాను."

నేను చెప్పులు వేసుకుంటుంటే తలుపు మీద దబదబా కొట్టారు. చిలకమ్మ. నిలువెల్లా తడిసింది, మోచేయి గీరుకుపోయి నెత్తురు. లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"నీ డబ్బాలో మా యీది గురించి ఏటంటన్నారు?"

"ఎవరూ చూడలేదంటున్నారు. దారి లేదంట."

"నాను ఆడినించే ఒస్తన్నాను. గోదాము గోడ పట్టుకుని ఒచ్చినాను."

మైకు తీసుకున్నాను. మూడోసారికి గానీ బొత్తం నొక్కలేకపోయాను. "సార్, భాను. నన్ను మాట్లాడవద్దన్నారు. నా దగ్గర చూసి వచ్చిన మనిషి ఉంది."

బొత్తం వదిలాను. "ఆమెకు ఇవ్వు" అన్నారు.

నొక్కి మాట్లాడమని, వదిలి వినమని చూపించాను. చిలకమ్మ మైకును నోటికి ఆనించేసి, బజారులో పిలిచినట్టు పిలిచింది.

"నాను చిలకమ్మని. పాత యార్డెనక పద్నాలుగిల్లు. ఐదింటికి రేకులు ఎగిరిపోనాయి. నీల్లు నడుం కాడికొచ్చినాయి, ఇంకా ఎక్కుతన్నాయి. పిల్లల్నీ మా ఆయన్నీ పొద్దున్నే వ్యానెక్కించి బడికాడ దింపీసినాను. ఇంకా ఇరవై ముగ్గురున్నారు. ఇద్దరు ముసలోల్లు లెగలేరు. ఒకమ్మాయికి నెలలు నిండినాయి. తాడు కావాల, పడవుంటే పడవ కావాల."

ఆయన అంకెలన్నీ తిరిగి చదివారు. "ఇరవై మంది, ఇద్దరు..."

"ఇరవై ముగ్గురు!" అని అరిచింది. "ఇరవై కాదు. సరిగ్గా రాసుకో."

"ఇరవై ముగ్గురు. రాసుకున్నానమ్మా. తిమోతి బృందం మీ వైపే ఉంది. గోదాము పక్క నుంచి పంపుతున్నాను. ఇరవై నిమిషాలు."

తిమోతి పేరు వినగానే ఆమె ముఖం మారింది. మైకు బల్ల మీద పెట్టింది. చేతికి కట్టు కడతానన్నాను, వద్దంది. వేడిగా టీ తాగి వెళ్ళమన్నాను, వద్దంది. తువ్వాలు ఇస్తే తీసుకోలేదు. మెట్లు దిగడం మొదలుపెట్టింది.

సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "ఇరవై నిమిసాలు ముసలోల్లు ఆగలేరు. ఇద్దర్నీ మోసి గోదాము గట్టెక్కించాల. మా యీదిలో గట్టి మనుసులందరూ పనికెల్లిపోనారు. నువ్వొస్తావా?"

సెట్టు అలా మాట్లాడుతుండగానే వదిలేసి వెళ్ళాను.

మే 28

భుజాలు పైకి లేవడం లేదు. పైడమ్మ అనే ఆ ముసలావిడ చూడడానికి పిట్టలా ఉంటుంది గానీ మంచి బరువు. నీళ్ళు నడుముకు తగులుతున్నాయని దారి పొడుగునా నన్ను తిట్టింది. రెండో ముసలాయనను తెచ్చేసరికి తిమోతి వాళ్ళు తాడు కట్టేశారు. నెలలు నిండిన అమ్మాయిని అతనే ఎత్తుకుని దాటించాడు. చిలకమ్మ అతనికి ఎదురు వెళ్ళి ఏదో చెప్పింది. గాలిలో నాకు వినపడలేదు. అతను తల ఊపి, మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

రెండూ పదికి అందరూ బడిలో ఉన్నారు. పొద్దున్నే వచ్చిన పిల్లల్నీ తవిటయ్యనీ వదిలేసి, గదులు తిరిగి లెక్కపెట్టాను. ఇరవై ముగ్గురు. మళ్ళీ లెక్కపెట్టాను.

పైడమ్మను మోస్తున్నంతసేపూ తల వైపు నేను, కాళ్ళ వైపు చిలకమ్మ. ఆమె నాతో అన్నవి రెండే మాటలు. "పట్టుకో" అంది. కొంచెం దూరం వెళ్ళాక, "మెల్లిగ" అంది.